తువ్వాల పేలిక

ఈ పొద్దు మబ్బు పట్టింది. గుట్టల మీద ఎర్రబడాల్సిన చోట బూడిద రంగు తప్ప ఏమీ లేదు. తెల్లవారిందో లేదో కోళ్లకు కూడా అనుమానమే అన్నట్టు ఒకటి కూసి ఊరుకుంది, ఇంకొకటి అందుకోలేదు. సినిమా వాళ్లు మాత్రం సంబరపడ్డారు. ఎండ లేదు, నీడలు పడవు, ఇట్లాగే ఉంటే మధ్యాహ్నం లోపు శవం సీనంతా లాగించేద్దాం అని డైరెక్టర్ ఉదయ్ భాస్కర్ చేతులు రుద్దుకున్నాడు. ఆయన లాగించేద్దామన్న శవాన్ని నేనే. బస్ షెల్టర్‌లో సిమెంటు బల్ల మీద వెల్లకిలా పడుకుని ఉన్నాను. ముఖానికి బూడిద రంగు పూశారు, అది ఆరి చెంపలను గుంజుతోంది. కాలి బొటనవేళ్లు రెండూ కలిపి తువ్వాల పేలికతో కట్టారు. కళ్లు మూసుకున్నాను. ఎండ ఉన్న రోజైతే మూసిన రెప్పల వెనక ఎర్రగా ఉంటుంది, ఇవ్వాళ అక్కడ కూడా మబ్బే. కదలొద్దన్నారు, ఊపిరి కడుపుతో కాకుండా పైపైన పీల్చమన్నారు. పైపైన పీలుస్తున్నాను. డీజిల్ వాసన, రంగు వాసన, వాటి కింద ఎక్కడినుంచో పలచగా, తియ్యగా, పులిసిన ఇప్పపువ్వు వాసన.

అన్న పోయింది కూడా ఇప్పపువ్వు రాలే రోజుల్లోనే. మా వైపు ఒక్కో చెట్టు ఒక్కో ఇంటిది, కాగితం ఏమీ ఉండదు, అందరికీ తెలుసు అంతే. మా చెట్టు దూలయ్య మామ మొక్కజొన్న చేను దాటాక వాగు ఒడ్డున ఉంది. అన్న దాని కిందంతా ఊడ్చి, ఆకు కాల్చి, నున్నగా చేసుకున్నాడు. పువ్వు చీకట్లో రాలుతుంది, ఎలుగో దుప్పో రాకముందే ఏరుకోవాలి, ఆలస్యమైతే గొడ్లు కూడా వదలవు. గంప చంకన పెట్టుకుని చేను గట్టు మీద నడిచి వెళ్లే మనిషి, రామన్న, మా అన్న. నా కంటే పొట్టి, నా కంటే మాటకారి, ఇద్దరి మాటలూ తానే మాట్లాడేవాడు, అందుకే నాకు మాట్లాడే పని పడలేదు చిన్నప్పటి నుంచి. పందుల కోసం దూలయ్య మామ చేను చుట్టూ తీగ కట్టి కరెంటు ఇచ్చేవాడు. తప్పే, అందరికీ తెలుసు తప్పని, చేను ఉన్న ప్రతివాడూ చేసేవాడే. పొద్దు గూకినాక గట్టు మీద నిలబడి తీగ పెడుతున్నానర్రోయ్ అని కేక వేసేవాడు, ఆ కేక మా వాకిట్లోకి వినిపించేది, వదిన పిల్లల్ని లోపలికి పిలిచేది. తూర్పు తెల్లబడగానే కరెంటు కొండి తీసేసేవాడు. గడియారం లేదు ఆయనకు, ఆకాశమే. ఆ పొద్దు ఇట్లాగే మబ్బు. అన్న ఫోను చూసుకుని తెల్లారింది, తీగ తీసేసి ఉంటాడు అనుకుని బయలుదేరాడు. మామ మంచం మీద నుంచే ఆకాశం చూసి ఇంకా రాత్రి ఉందనుకుని దుప్పటి కప్పుకున్నాడు. గట్టు మీద అన్న కాలు తీగకు తగిలింది. అంతే జరిగింది. ఎవరికీ ఎవరి మీదా కోపం లేదు. మబ్బు.

చీమ ఒకటి చెవి వెనక నుంచి మెడ మీదికి దిగుతోంది. నిన్న శవంగా పడుకున్న ఆర్టిస్టును ఈ చీమలే కుట్టాయి, ఒళ్లంతా దద్దుర్లు లేచి, శవం లేచి పరుగెత్తింది, ఊరంతా నవ్వింది. అప్పుడే మేనేజర్ జయప్రకాశ్ గుంపులో నన్ను చూసి దగ్గరికొచ్చాడు. నీ ముఖంలో ఏ భావమూ లేదయ్యా, సరిగ్గా సరిపోతావు అన్నాడు. చనిపోయిన మనిషికి తమ్ముడినని పక్కనున్నవాళ్లు చెబితే ఒక క్షణం ఆగి, అయితే ఇంకా ఒరిజినల్‌గా ఉంటుంది అన్నాడు. చెడ్డవాడు కాదు. చివర్లో నువ్వు నవ్వుతుండగా ఒక ఫొటో తీస్తాం, శవం వేషం వేసినవాళ్లకు అట్లా తీస్తే దోషం పోతుంది, మా వాళ్ల పద్ధతి అని కూడా చెప్పాడు. పద్ధతులు వాళ్లకూ ఉన్నాయి. నేను ఇంటికి వచ్చి వదినతో చెప్పాను, నన్ను అన్న లాగా పడుకోమంటున్నారని. కసురుతుంది అనుకున్నాను. జంపక్క వదిన పొయ్యి ఊదడం ఆపి, పొగలోంచి చాలాసేపు చూసింది.

"పో రవీందరూ," అంది. "పోయి పండుకో. పండుకొని ఇను."

ఏమి వినాలో చెప్పనక్కర లేదు. సినిమాలో చచ్చిన మనిషి దారిలో కళ్లు తెరిచి నీళ్లు అని అడుగుతాడని, మోసుకుపోయేవాళ్లు దడుచుకుని అతన్ని కింద పారేస్తారని, ఆ సీను నిన్న తీశారని, చూసినవాళ్లు కడుపులు పట్టుకుని నవ్వారని ఎవరో బోరింగు కాడ చెప్పారు. నవ్వుకుంటూనే చెప్పారు, వదిన వెనక నిలబడి ఉందని చూడక. బిందె నిండి పొర్లిపోతున్నా ఆమె కదల్లేదట. ఇంటికి వచ్చాక ఒకటే మాట. నీళ్లడిగిండా. అడిగితే ఇయ్యలేదా. సినిమా వాళ్లు దూలయ్య ఇంట్ల కూసోని అంత అడిగి రాసుకున్నరు గదా, ఆయన చెప్పకుంటే వాళ్లకెట్ల ఎర్క. దవాఖానా ఆ తొవ్వలనే ఉండె గదా రవీ, దాని ముందునుంచే పోయిండ్రు గదా.

దవాఖానా ముందునుంచే పోయారు. అది కేసులో ఉంది. దూలయ్య మామ, ఆయన అల్లుడు సంతోష్, ఇద్దరూ. తీగ మీద మనిషి పోయాడంటే జైలే అని భయపడ్డారు. అవతల ఆంధ్ర, రోడ్డు దాటితే వేరే రాష్ట్రం, వేరే పోలీసులు, అక్కడ మన మనిషిని ఎవరు గుర్తుపడతారని సంతోష్ తెలివి. ఆటో మాట్లాడారు, మనిషికి వాంతులూ విరేచనాలూ అని చెప్పి దుప్పటి కప్పి తీసుకెళ్లారు. హద్దు దాటగానే వచ్చిన మొదటి బస్ షెల్టర్‌లో బల్ల మీద పడుకోబెట్టి, నిద్రపోతున్నట్టు దుప్పటి గడ్డం దాకా లాగి వచ్చేశారు. పొద్దెక్కినాక ఒక బస్సు ఆగిందట. కండక్టర్ దిగి, పెద్దాయనా, పొద్దుటికి ఇదే లాస్టు, మళ్లీ సాయంత్రం దాకా బస్సు లేదు, లే అని భుజం తట్టాడట. లేవకపోతే తాగి ఉన్నాడని తిట్టి వెళ్లిపోయాడట. ఆ తరువాత అవతలి పోలీసులు వచ్చి, చెప్పులకు మీ వైపు ఎర్రమట్టి ఉంది, మీదే అన్నారట. ఇవతలి వాళ్లు, బల్ల మీ వైపు ఉంది కదా, మీదే అన్నారట. మా అన్న ఇద్దరి మధ్యలో మధ్యాహ్నం దాకా పడుకున్నాడు. ఎవరో దుప్పటి కింది నుంచి లాగారు. బొటనవేళ్లు కట్టి ఉన్నాయి. నిద్రపోతున్న మనిషి అని చెప్పడానికి తెచ్చి పడుకోబెట్టిన శవానికి, చచ్చినవాళ్లకు కట్టినట్టు, పద్ధతిగా, గళ్ల తువ్వాల పేలికతో. మిగతా తువ్వాల దూలయ్య మామ మెడలోనే ఉంది. అంచు చిరిగి. పోలీసులు ఊర్లోకి వచ్చినప్పుడు ఆయన దానితోనే ముఖం తుడుచుకుంటున్నాడు.

దమ్మపేట సంతలో, సత్తుపల్లి బస్సులో, ఎక్కడికి వెళ్లినా ఈ కథ చెప్పుకుని నవ్వారు. పేపర్లో వేశారు. పేపర్లోంచి ఇది సినిమా అయింది, నిజంగా జరిగిన కథ అని మొదట్లోనే అక్షరాలు వేస్తారట. అవతలి షెల్టర్‌లో తీయడానికి అనుమతి దొరకలేదని మా ఊరి షెల్టర్‌కే అవతలి వాళ్ల రంగులేసి, అవతలి ఊరి పేరు రాశారు. కాబట్టి ఈసారి అన్న హద్దు దాటలేదు. ఇంటి పక్కనే ఉన్నాడు. తాటాకు కొట్టంలో వదిన పొయ్యి మీద గిన్నె దించితే ఆ చప్పుడు వినిపించేంత దగ్గర.

"సైలెన్స్," అని ఎవరో అరిచారు. జనరేటర్ మోత తప్ప అన్నీ ఆగిపోయాయి. చీమ గొంతు గుంట దగ్గరికి వచ్చి అదీ ఆగింది. బూట్ల చప్పుడు. కండక్టర్ వేషం వేసిన మనిషి, నవ్వించే నటుడని పేరున్నవాడట, నా మీదికి వంగాడు, నోట్లోంచి ఏలకుల వాసన. భుజం తట్టాడు. "పెద్దాయనా, ఇదే లాస్టు బస్సండీ. లేవండీ. లేవకపోతే పోండి గానీ, పోయేముందు చిల్లర ఇచ్చి పోండి." చుట్టూ కిసుక్కుమన్నారు. మళ్లీ తట్టాడు, ఇంకా గట్టిగా, చెయ్యి వెచ్చగా ఉంది, మెత్తగా ఉంది. అన్న భుజం మీద పడ్డ చెయ్యి కూడా వెచ్చగానే ఉండి ఉంటుంది. లే అని అడిగిన చివరి మనిషి. ఇంట్లో ఎవరికీ అడిగే అవకాశం రాలేదు, ఒక కండక్టర్ అడిగాడు, సాయంత్రం దాకా మళ్లీ బస్సు లేదని జాలిపడి అడిగాడు. అన్న ఉంటే ఈ సంగతి ఎంత బాగా చెప్పేవాడు. కండక్టర్ గొంతు ఒకటి, పోలీసుల గొంతులు రెండు, అన్నీ తానే పలికి, చివర్లో శవం ఎట్లా పడుకుందో కూడా అరుగు మీద పడుకుని చూపించేవాడు, వదిన కొంగు నోట్లో కుక్కుకుని నవ్వేది. కడుపులో ఎక్కడో నవ్వు కదిలింది. బిగబట్టాను. పైపైన ఊపిరి అనుకున్నాను. ఆగలేదు. కడుపు ఎగిరింది, భుజాలు ఎగిరాయి, ముఖం మీద రంగు పగిలి పొడిపొడిగా రాలింది.

"కట్! శవం నవ్వుతోంది సార్!"

అందరూ విరగబడి నవ్వారు. నాకు నవ్వు ఆగి కళ్ల వెంట నీళ్లు కారాయి, అవి రంగులో చాళ్లు చేసుకుంటూ చెవుల్లోకి పోయాయి. ఒక అమ్మాయి వచ్చి దూది పెట్టి అద్దింది, నవ్వీ నవ్వీ కన్నీళ్లొచ్చాయి పాపం అంది. మళ్లీ తీశారు. ఈసారి చచ్చిపోయాను. బాగా వచ్చిందన్నారు. డైరెక్టర్ నా తల దగ్గర కూర్చుని మెల్లగా చెప్పాడు, మంచిగానే చెప్పాడు, భోజనాల తరువాత నిన్నటి దారి సీనుకు ఇంకొక్క షాటు ఉంది, అందులో కెమెరా నీ ముఖం మీదికి వస్తుంది, అప్పుడు కళ్లు తెరిచి నీళ్లు అనాలి, ఒకటే మాట, గొంతు ఎండిపోయినట్టు. కట్టు కదిలితే షాట్లు కలవవు, ఇట్లాగే ఉండు, తిండి ఇక్కడికే పంపిస్తాను అన్నాడు. అందరూ చేతులు కడుక్కోవడానికి వెళ్లిపోయారు. బిర్యానీ మూత తీసిన వాసన వచ్చింది.

నీళ్లు. నాలుక మీద ఆ మాట ఉంది. నేను అంటే అది అన్న అన్నట్టే. తెర మీద నా ముఖంలో అన్న ముఖం చూసి, అన్న పిల్లలు కూడా ఎప్పుడో చూసి, నాయిన నీళ్లడిగాడట అనుకుంటారు. అననంటే? అడిగి ఉంటే? నిజంగా అడిగి ఉంటే అనకపోవడం కూడా నీళ్లు ఇవ్వకపోవడమే కదా. దుప్పటి కింద అన్న కళ్లు తెరిచి ఆటో రేకు చూశాడా, దవాఖానా ఎర్ర బోర్డు పక్కనుంచి జారిపోవడం చూశాడా. నాలుగేండ్లుగా రాత్రి పూట నేను తిరిగే రోడ్డు అదే. దానికి ఆ చివర ఏముందో తెలిసినవాళ్లు ఇద్దరే. సంతోష్ బెయిలు రాగానే హైదరాబాదు పోయి మళ్లీ ముఖం చూపించలేదు. రెండోవాడు ఇక్కడే, పొద్దుటి నుంచి గొడుగు కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. అసలు మనిషి అని సినిమా వాళ్లు మర్యాదగా కూర్చోబెట్టారు. ఆయన వేషం వేసినవాడు వచ్చి ఆయన నడక చూసి నేర్చుకుంటున్నాడు. కుర్చీ ఏసిండ్రు, ఇగ దండ గూడ ఏస్తరేమో మామా అని ఎవరో అంటే ఆయన తల ఎత్తలేదు. మా ఇంటికీ ఆయన ఇంటికీ ఆ రోజు నుంచి నిప్పు లేదు, నీళ్లు లేవు. ఎదురుపడితే ఎవరో ఒకరం పక్కతోవ పడతాం.

కుర్చీ కిర్రుమంది. చెప్పులు ఈడ్చుకుంటూ అడుగులు. బీడీ, చెమట, మొక్కజొన్న దుమ్ము. నా కాళ్ల దగ్గర ఎవరో గొంతుక్కూర్చున్నారు. మోకాళ్లు పటుక్కుమన్నాయి. బొటనవేళ్ల మీద గరుకు చేతులు పడ్డాయి, ముడి వెతుకుతున్నాయి.

"పండుకో పండుకో, లేవకు," దూలయ్య మామ నాతో కాదు, నా కాళ్లతో అంటున్నట్టు గొణిగాడు. "ముందుగాల ఇది ఇప్పనియ్యి. బతికున్నోని కాళ్లు గిట్ల కట్టి బువ్వకు పోతరా ఎవలన్న? కండ్ల ముందల్నే కట్టిండ్రు, నేను చూస్కుంట కూసున్న. ఎవలన్న ఇప్పుతరేమో, ఇప్పుతరేమో అనుకుంట."

కళ్లు తెరవలేదు. తెరిస్తే అడగలేను అనిపించింది.

"మామా," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "మా అన్నకు యాడ కట్టినవ్?"

చేతులు ఆగిపోయాయి.

"యాడేంది. తీగ కాడనే."

"షెల్టర్ల కాదా?"

"షెల్టర్ల ఏం కడ్తమురా, అప్పటికి కట్టె తీర్గ బిర్రుగ అయిపాయె. బిర్రుగైనంక వేళ్లు కలుస్తయా? కొండి గుంజి పారేసి ఉరికొచ్చిన. రామా, రామా అని పిలిచిన. ముక్కు కాడ చెయ్యి పెట్టిన. ఛాతి మీద చెవి పెట్టిన, ఎంతసేపో. వాగు చప్పుడే ఇనొచ్చింది. అప్పటికే సల్లగైండు. ఎప్పుడు పడ్డడో ఏమో బిడ్డ, నేను దుప్పట్ల ఉంటి." ఊపిరి తీసుకున్నాడు. "తువ్వాల చింపి కట్టిన. సంతోష్‌గాడు బండి తెచ్చిండు. నడుమ కూసోబెడ్దం, కట్టు ఇప్పు మామా, కాళ్లు కలిపి ఉంటే బండి మీద ఎట్ల కూసుంటడు అన్నడు. నేను ఇప్పలే. కట్టినంక ఇప్పుతే పోయినోడు తొవ్వ తప్పుతడు. గందుకే ఆటో. గందుకే ఆటోవోడు సాక్ష్యం. ఇప్పి ఉంటే ఎవలికి ఎర్క కాకపోవు."

"మరి నీళ్లడిగిండని..."

"ఎవలన్నరు?" చెయ్యి నా పాదాన్ని గట్టిగా పట్టుకుంది. "నీళ్లడుగుతే దవాఖానాల పండబెట్టి జైలుకు పోదును గదరా! సినిమా సారే అడిగిండు, తొవ్వల ఏమన్న అన్నడా అని. సచ్చినోడు ఏమంటడు సారూ అన్న. ఆయన నవ్వి రాసుకున్నడు." మళ్లీ ముడి మీద గోరు పెట్టాడు. "వకీలు నోరు తెరవద్దన్నడు. మీ వాకిట్లకు రావాల్నంటే కాళ్లాడకపాయె."

ముడి బిగుసుకుపోయినట్టుంది. వంగి పంటితో లాగాడు, గడ్డం నా వేళ్లకు గుచ్చుకుంది. పేలిక వదులయింది. వేళ్లలోకి రక్తం పారి చీమలు పాకినట్టయింది. కళ్లు తెరిచాను. షెల్టర్ కప్పు, కొత్త రంగు, దాని అంచు దాటితే ఇంకా విచ్చని మబ్బు. ఈ మనిషే తీగ పెట్టాడు. ఈ మనిషే మా అన్నను ఊరు కాని ఊరిలో బల్ల మీద వదిలేసి, అదే ఆటోలో ఇంటికొచ్చి చేనుకు నీళ్లు పెట్టుకున్నాడు. అది అట్లాగే ఉంది, ఈ పేలికతో పాటు ఊడిరాదు. కానీ ఆ రోడ్డు మీద ఆటోలో ఉన్నవాడు కళ్లు తెరవలేదు. బోర్డు చూడలేదు. ఏమీ అడగలేదు. మా చెట్టు ఒడ్డునే, పువ్వు వాసనలోనే, ఎవరూ ఎక్కడికీ తీసుకుపోకముందే అయిపోయింది.

తల తిప్పితే షెల్టర్ స్తంభం పక్కన వదిన నిలబడి ఉంది. చేతిలో గుడ్డ కట్టిన గిన్నె, చెంబు, లోటా. శవానికి పెట్టే చోట వండిన కూడు తినొద్దు, నేను తెస్త అని పొద్దున్నే చెప్పింది. ఎప్పుడొచ్చిందో తెలియదు. కొంగు అంచు పళ్ల మధ్య ఉంది, దాన్ని వదిలింది. ఎంత విన్నదో అడగనక్కర లేకపోయింది, ఆమె ముఖం బోరింగు కాడి నుంచి ఇప్పుడే తిరిగొచ్చినట్టుంది.

దూలయ్య మామ ఆమెను చూసి లేవబోయాడు. బల్ల పట్టుకున్నాడు.

వదిన కింద నేల మీద కూర్చుంది. గుడ్డ విప్పింది. అడ్డాకుల విస్తరాకులు రెండు తెచ్చింది, ఒకటి నాకు, ఒకటి తనకు. రెండూ పరిచింది. మూడోదాని కోసం చూసి, గిన్నె మూత తిరగేసి తన ముందు పెట్టుకుని, తన ఆకును ఎదురుగా మామ వైపు జరిపింది. అన్నం పెట్టింది, చింతచిగురు పప్పు వేసింది, ఎండు చేప విరిచి మూడు చోట్ల వేసింది. నేను బల్ల దిగాను. పాదాలు నేల మీద తిమ్మిరిగా ఆనాయి. దూరం నుంచి ఆ దూది అమ్మాయి చూసి, "అయ్యో, కట్టెవరు విప్పారు? షాటుంది, షాటుంది!" అని చేతులు ఊపింది. ఎవరమూ తల తిప్పలేదు. ఆ షాటులో వాళ్లు ఎవరిని పడుకోబెట్టుకుంటారో వాళ్లిష్టం.

మామ ఇంకా బల్ల పట్టుకునే ఉన్నాడు. తువ్వాల పేలిక గుప్పిట్లో ఉంది. కాసేపటికి దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, ఆకు ముందు కూర్చున్నాడు. వదిన చెంబు ఎత్తి ఆయన చేతుల మీద నీళ్లు పోసింది, ఆయన కడుక్కున్నాడు. చెంబులో మిగిలిన నీళ్లు లోటాలో వంచి ఆయన ఆకు పక్కన పెట్టింది.

ముగ్గురం తిన్నాం. పప్పు పుల్లగా ఉంది.